బొమ్మ చెప్పే కథా, పుస్తకం చెప్పే కథా: చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక పోలిక

"టీవీ పూర్తిగా మానిపించి పుస్తకాలు కొనాలా, మంచి బొమ్మల కార్యక్రమాలైతే చూడనివ్వచ్చా?" రెండు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అడిగేవాళ్ళు ఒక్క మాటలో జవాబు కావాలంటారు. అలా చెప్పడం కష్టం. టీవీ బొమ్మలన్నీ ఒకే జాతివి కావు, పుస్తకాలూ అంతే. అక్షరాలు నేర్పడానికి బాగా పనికొచ్చేది చీకటంటే భయపడే పిల్లకి ధైర్యం చెప్పడానికి పనికిరాకపోవచ్చు. అందుకని వయసునీ అవసరాన్నీ బట్టి విడదీసి చెబుతాను.

నా కొలబద్ద మాత్రం ఒకటే. మన ఇళ్ళలో కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొడతారు. ఊ ఆగిందంటే నిద్రపోయారని, "తర్వాతేమైంది?" అన్నారంటే కథ పట్టిందని పెద్దవాళ్ళకి తెలిసిపోతుంది. ఆ ఊని బట్టే కథ పొడుగవుతుంది, పొట్టవుతుంది, మలుపు తిరుగుతుంది. ఏ రూపంలో కథ ఎంచుకున్నా నేను చూసేది అదే: ఇందులో పిల్లలు ఊ కొట్టడానికి చోటుందా, ఆ ఊ వినేవాళ్ళు పక్కన ఉన్నారా?

టీవీ బొమ్మల్లో రెండు దారులు

టీవీ బొమ్మలాట అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సెసమీ స్ట్రీట్. 1969 నవంబర్ 10న అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో మొదలైంది. టీవీ ప్రకటనలు పిల్లల్ని అంతగా కట్టిపడేస్తుంటే, అదే ఒడుపుతో అక్షరాలూ అంకెలూ ఎందుకు నేర్పకూడదన్నది దాన్ని మొదలుపెట్టిన జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్‌ల ఆలోచన. బొమ్మలు జిమ్ హెన్సన్‌వి. పిల్లల దృష్టి నిలుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. టీవీ పక్కనే ఇంకో తెర పెట్టి, దాని మీద 7.5 సెకన్లకొక స్లయిడ్ మార్చేవారు. పిల్లల చూపు టీవీని వదిలి స్లయిడ్ల వైపు ఎప్పుడు తిరిగిందో రాసుకునేవారు. చూపు నిలవని ముక్కల్ని మార్చేసేవారు.

ఆ పరీక్షల్లో ఒక సంగతి బయటపడింది. బొమ్మల్నీ మనుషుల్నీ ఒకే సన్నివేశంలో కలిపితే పిల్లలు ఏది నిజమో ఏది కల్పనో తెలియక తికమక పడతారని మనస్తత్వ నిపుణులు ముందే హెచ్చరించారు. అందుకని వీధి సన్నివేశాలు మనుషులతో, బొమ్మల సన్నివేశాలు విడిగా తీశారు. 1969 వేసవిలో పిల్లలకి వేసి చూపిస్తే, వీధి రాగానే వాళ్ళ చూపు పక్కకి పోయింది. దాంతో సలహాని పక్కనపెట్టి వీధిలోకే బొమ్మల్ని దింపారు. ఎనిమిదడుగుల పైన ఎత్తుండే పసుపుపచ్చ పక్షి బిగ్ బర్డ్, చెత్తడబ్బాలో కాపురముండే ఆస్కర్ అలా పుట్టినవే.

రెండో దారి ఫ్రెడ్ రోజర్స్ అనే అమెరికా టీవీ వ్యాఖ్యాతది. పిట్స్‌బర్గ్‌లో తయారై 1968 ఫిబ్రవరి నుంచి దేశమంతా ప్రసారమైన ఆయన కార్యక్రమం 2001 దాకా నడిచింది. ఇక్కడ నిజాన్నీ కల్పననీ విడివిడిగా ఉంచారు. రోజర్స్ తన ఇంట్లో ఉన్నంతసేపూ నిజమైన లోకం. ఒక చిన్న ట్రాలీ బండి గంట కొట్టుకుంటూ గోడలోంచి దూరి వెళ్తే అక్కడి నుంచి ఊహాలోకం, బొమ్మల రాజ్యం. బండి తిరిగొచ్చాక జరిగిందంతా రోజర్స్ పిల్లలతో మాట్లాడతాడు. చాలా బొమ్మలకి గొంతు ఆయనదే. వాటిలో డేనియల్ అనే పిరికి పులిపిల్ల నాకు అన్నిటికంటే ఇష్టం. పెద్దవాళ్ళని అడగడానికి పిల్లలు జంకే ప్రశ్నలు అది అడుగుతుంది. 1968 జూన్‌లో అమెరికా నాయకుడు రాబర్ట్ కెన్నెడీ హత్య జరిగిన రోజుల్లో, హత్య అంటే ఏమిటని ఆ పులిపిల్లే అడిగింది.

ఈ రెంటికీ అసలు తేడా వేగంలో ఉంది. సెసమీ స్ట్రీట్ చిన్న చిన్న ముక్కలుగా, పాటలతో, నవ్వులతో పరిగెడుతుంది. రోజర్స్ బూట్లు విప్పుకోవడానికి కూడా తొందరపడడు. ప్రశ్న అడిగి నిజంగానే ఆగుతాడు, తెర ఇవతల పిల్లలు జవాబు చెప్పేంతసేపు. ఊ కొట్టే చోటు అంటే అదీ. అక్షరాలు, అంకెలు, రకరకాల మనుషుల పరిచయం కావాలంటే సెసమీ స్ట్రీట్ తరహా మేలు. కోపం, అసూయ, కొత్తగా పుట్టిన తమ్ముడి మీద ఉక్రోషం లాంటివాటికి రోజర్స్ తరహా మేలు. మీ పిల్లలు త్వరగా ఉద్రేకపడే రకమైతే రెండోదే ఎంచుకోండి. 2011లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 60 మంది నాలుగేళ్ళ పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. వేగంగా సాగే కార్టూన్ 9 నిమిషాలు చూసిన పిల్లలు, నిదానంగా సాగే కార్యక్రమం చూసినవాళ్ళకంటే, బొమ్మలు గీసుకున్నవాళ్ళకంటే, ఆగి ఆలోచించి చేయాల్సిన పనుల్లో ఆ వెంటనే వెనకబడ్డారు. కాబట్టి టీవీలో ఏది పెట్టాలో తేల్చుకోవడానికి కార్యక్రమం పేరు కంటే దాని నడక చూడండి. ఐదు నిమిషాలు మీరే కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

మన దేశంలో సెసమీ స్ట్రీట్ రూపం గలీ గలీ సిమ్ సిమ్, 2006లో మొదలైంది. స్కూలు యూనిఫాంలో తిరిగే చమ్కీ, బూంబా అనే సింహం, గూగ్లీ, తుమ్మగానే ఎక్కడికో ఎగిరిపోయే కథల ఆంచూ ఇందులో బొమ్మలు. మన వీధులు, మన తిండి, మన పండుగలు కనిపిస్తాయి కాబట్టి పిల్లలకి పరాయిగా అనిపించదు. భాష మాత్రం ప్రధానంగా హిందీ. తెలుగు పెరగాలని మీరు కోరుకుంటుంటే ఈ కార్యక్రమం మీద ఆధారపడకండి. పుస్తకం దగ్గరికి రండి.

పుస్తకం చేసే పని

1971లో వచ్చిన ఒక పిల్లల పుస్తకం ఈ పోలికకి బాగా పనికొస్తుంది. రాసింది జాన్ స్టోన్, సెసమీ స్ట్రీట్‌కి దర్శకుడూ రచయితా అయిన మనిషే. కథానాయకుడు ఆ కార్యక్రమంలోని నీలం రంగు బొమ్మ గ్రోవర్. పుస్తకం చివర ఒక రాక్షసుడున్నాడని తెలిసి, దయచేసి పేజీ తిప్పొద్దని పిల్లల్ని బతిమాలుతుంటాడు. తాళ్ళు కట్టి, ఇటుకలతో గోడ కట్టి అడ్డుకుంటాడు. పిల్లలు కిలకిలా నవ్వుతూ పేజీ తిప్పుతూనే ఉంటారు. ఆ కథ నడిచేది వాళ్ళ చేతులతో. తెర మీద గ్రోవర్ ఎంత బతిమాలినా ఎపిసోడ్ తన దారిన తాను సాగిపోతుంది, దాన్ని ఆపే శక్తి పిల్లలకి ఉండదు. టీవీ బొమ్మలాట ఆనుపానులన్నీ తెలిసిన మనిషి, టీవీ చేయలేని పనిని పుస్తకంతో చేయించాడు.

బొమ్మల పుస్తకానికి ఇంకో లాభం ఉంది. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో జాన్ హటన్ బృందం నాలుగేళ్ళ వయసు పిల్లలు 27 మందికి కథల్ని మూడు రకాలుగా అందించి మెదడు పనిని స్కాన్ చేసింది: వట్టి మాటలుగా, మాటలకి తోడు కదలని బొమ్మలతో, యానిమేషన్‌గా. మాటలు మాత్రమే ఉన్నప్పుడు పిల్లలు అర్థం చేసుకోవడానికి కష్టపడ్డారు. యానిమేషన్‌లో చూపు పని ఎక్కువై, భాషకీ ఊహకీ సంబంధించిన భాగాలు కలిసి పనిచేయడం తగ్గింది. కదలని బొమ్మలున్నప్పుడు అవన్నీ చక్కగా కలిసి పనిచేశాయి. బొమ్మ ఆగి ఉంటే దాన్ని కదిలించే పని పిల్లల ఊహకి మిగులుతుంది.

అయితే పుస్తకం ఉన్నంత మాత్రాన సరిపోదు. 1988లో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం రెండేళ్ళ ప్రాయంలోని పిల్లలున్న కుటుంబాలతో నెల రోజుల ప్రయోగం చేసింది. రెండు గుంపుల్లోనూ చదివి వినిపించడం ఒకే మోతాదు. ఒక గుంపు తల్లిదండ్రులు మాత్రం మధ్యమధ్య ఆగి "ఇదేం చేస్తోంది?", "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగి, పిల్లలు చెప్పిన ముక్కకి ఇంకో రెండు మాటలు జోడించారు. ఆ పిల్లల మాట స్పష్టంగా ముందుకెళ్ళింది. మన అమ్మమ్మలు కథ మధ్యలో ఆపి "అప్పుడు కాకేం చేసింది చెప్పు" అనడం ఇదే.

ఇక తెలుగులో పుస్తకం ఎలా ఏరుకోవాలి? షాపులోనో పుస్తకాల పండుగలోనో నిలబడి మొదటి పేజీ పైకి చదవండి. నాలుక తడబడితే అది పిల్లల పుస్తకం కాదు. అనువాదాల్లో "చేయబడెను", "అనెను" లాంటి వాక్యాలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు చాలు. ఒత్తులు విడిగా కనిపించేంత పెద్ద అచ్చు ఉండాలి. మాటల్లో లేని సంగతి ఏదో బొమ్మలో ఉందా అని కూడా చూడండి. పిల్లి మంచం కింద దాక్కున్నట్టు బొమ్మలో ఉండి, రాతలో ఎక్కడా చెప్పకపోతే పిల్లలు కనిపెట్టి మీకు చూపిస్తారు, వాళ్ళకి అదొక విజయం. కథ చివర పెద్దక్షరాలతో నీతి వేస్తే నేనైతే ఆ లైను చదవను. కథ విని పిల్లలు తమకి తోచింది తీసుకుంటారు. నీతి చదివామంటే వాళ్ళ మాట అక్కడితో ఆగిపోతుంది.

ఎక్కడ దొరుకుతాయి అంటే, 'మంచి పుస్తకం' అనే సంస్థ ప్రచురణలు తక్కువ ధరకి, తేట తెలుగులో ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తెలుగులోనూ వస్తాయి. చెన్నైలోని తులికా వాళ్ళు ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన వేస్తారు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి. మొదటి స్థాయి నుంచి మొదలుపెట్టండి, వయసెంతైనా సరే. మీది ఓరుగల్లైనా కడపైనా శ్రీకాకుళమైనా, రాసినదాన్ని మీ ఇంటి యాసలోకి మార్చి చదవండి. పిల్లలు మొదట గుర్తుపట్టేది ఇంటి మాటనే.

ఎనిమిదేళ్ళు దాటాక చందమామ తరహా కథలు అందుకుంటారు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కానీ పాత సంచికలు చాలా ఇళ్ళలో కట్టలుగా ఉన్నాయి. వాటిలో బేతాళ కథలు ముందు తీయండి. కథ చెప్పి, ప్రశ్న వేసి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడు హెచ్చరిస్తాడు. విక్రమార్కుడి జవాబు చదివేముందు పుస్తకం మూసి మీ పిల్లల జవాబు అడగండి. చాలాసార్లు రాజుగారి జవాబుకంటే అదే ఆసక్తిగా ఉంటుంది.

మూడో దారి: ఇంట్లో బొమ్మ

టీవీకీ పుస్తకానికీ మధ్య తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్ళు మర్చిపోయే దారి ఇది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే. జిమ్ హెన్సన్ 1955లో తన ప్రసిద్ధమైన కప్ప కెర్మిట్‌ని మొదటిసారి తయారుచేసింది వాళ్ళమ్మ పడేసిన పాత కోటు గుడ్డతో, కళ్ళకి పింగ్‌పాంగ్ బంతి రెండు ముక్కలు పెట్టి. మీకు ఒక పాత సాక్సు, రెండు గుండీలు చాలు. గుండీలు ఊడకుండా గట్టిగా కుట్టండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

ఆడించడానికి రెండు మూడు కిటుకులున్నాయి. మాట్లాడేటప్పుడు పై వేళ్ళని లేపకండి, బొటనవేలిని కిందికి దించండి. లేకపోతే బొమ్మ ఆకాశంలోకి చూస్తూ మాట్లాడుతున్నట్టుంటుంది. దీర్ఘం దగ్గర నోరు కాస్త ఎక్కువసేపు తెరవండి. మీ చూపు బొమ్మ మీదే ఉంచండి, అప్పుడు పిల్లల చూపు కూడా బొమ్మ మీదికే పోతుంది. మీ పెదాలు కదులుతున్నాయని దాచాల్సిన పని లేదు, పిల్లలు పట్టించుకోరు. ముఖ్యమైనది ఒకటుంది: బొమ్మకి ఏదో ఒకటి తెలియకుండా ఉండాలి. సాక్సు బొమ్మ అరటిపండుని తొక్కతో సహా తినబోతే మూడేళ్ళ పిల్ల పాఠం చెప్పడానికి పరిగెత్తుకొస్తుంది. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పని బిడియపు పిల్లలు బొమ్మతో మాట్లాడతారు, స్కూల్లో ఏం జరిగిందో కూడా చెబుతారు. పెద్ద బొమ్మని చూసి జడుసుకునే పిల్లలుంటారు. అలాంటప్పుడు వేలికి తొడిగే చిన్న బొమ్మతో మొదలుపెట్టి, బొమ్మే పిల్లని చూసి సిగ్గుపడుతున్నట్టు ఆడించండి.

ఈ కళ మనకి పరాయిది కాదు. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఇప్పటికీ పని చేస్తున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ నోరు తెరవదు, చాలావరకు పక్క నుంచే కనబడుతుంది. అయినా తెర వెనక గొంతు మారగానే, చెయ్యి ఊగగానే ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. మిగిలింది చూసేవాళ్ళు పూరించుకుంటారు. రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి ఊళ్ళో సంగతులు మాట్లాడేస్తారు, జనం నవ్వుల్ని బట్టి మాట పెంచుతారు, తుంచుతారు. ఊ వినే కథ అంటే దానికి మించినది నేను చూడలేదు. ఆట ఎక్కడైనా వేస్తున్నారని తెలిస్తే పిల్లల్ని తీసుకెళ్ళండి, అయిపోయాక తెర వెనక్కి కూడా. ఐదేళ్ళు దాటిన పిల్లలైతే ఇంటికొచ్చి దుప్పటి కట్టి, వెనక టార్చి పెట్టి, అట్టముక్కలతో సొంత ఆట మొదలుపెడతారు. టీచర్లైతే హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రమున్న సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వపు సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) చదువులో బొమ్మలాట మీద శిక్షణ ఇస్తుందని గుర్తుంచుకోండి.

వయసుని బట్టి, అవసరాన్ని బట్టి

రెండేళ్ళ లోపు టీవీ వద్దు, ఎంత మంచి కార్యక్రమమైనా. భారత పిల్లల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా అదే. బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కి మాత్రమే మినహాయింపు. దాదాపు రెండున్నరేళ్ళ దాకా పిల్లలు, ఎదురుగా మనిషి చేసి చూపితే నేర్చుకున్నంత సులువుగా తెర మీద చూసి నేర్చుకోలేరు. ఆ వయసుకి సాక్సు బొమ్మ, అట్టపేజీల పుస్తకం. రెండు నుంచి ఐదేళ్ళ వరకు మొత్తం స్క్రీన్ రోజుకి గంట మించకూడదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నన్నడిగితే ఒక్క ఎపిసోడ్, పక్కన మీరు కూర్చుని. ఆరేళ్ళ నుంచి పుస్తకానిదే పెద్దపీట, పిల్లలే బొమ్మలాడించాలి. పడుకునే ముందు మాత్రం ఏ వయసుకైనా పుస్తకమే.

ఒక సందర్భంలో టీవీ బొమ్మలకే నా ఓటు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు. సెసమీ స్ట్రీట్‌లో దుకాణదారు హూపర్‌గా వేసిన నటుడు విల్ లీ 1982 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ పాత్రకి ఇంకొకర్ని పెట్టొచ్చు, ఊరు వెళ్ళిపోయాడనొచ్చు. వాళ్ళు ఆ రెండూ చేయలేదు. 1983 నవంబర్ 24న వచ్చిన ఎపిసోడ్‌లో బిగ్ బర్డ్ అందరి బొమ్మలూ గీసి పంచుతూ హూపర్ బొమ్మ పట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తాడు. ఆయన చనిపోయాడని, ఇక తిరిగి రాడని పెద్దవాళ్ళు మెల్లగా, సూటిగా చెబుతారు. వాళ్ళ కళ్ళల్లో నీళ్ళుంటాయి. ఎందుకిలా జరగాలని బిగ్ బర్డ్ అడుగుతాడు. ఆ రోజు అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ సెలవు; తల్లిదండ్రులు ఇంట్లో ఉంటారని, పిల్లల ప్రశ్నలకి జవాబు చెప్పగలరని ఆ రోజే ప్రసారం చేశారు. మన ఇళ్ళలో తాతయ్య దేవుడి దగ్గరికెళ్ళాడనో, చుక్కయ్యాడనో చెప్పి ఊరుకుంటాం, పిల్లలేమో గుమ్మం వైపు చూస్తూనే ఉంటారు. తమలాగే తెలియని, తమలాగే ఒప్పుకోని ఒక బొమ్మ అడుగుతుంటే పిల్లలకి తమ ప్రశ్న అడగడానికి దారి దొరుకుతుంది. చూపించే ముందు మీరొక్కరే చూడండి, తర్వాత పక్కన కూర్చోండి, మధ్యలో ఆపడానికి రిమోట్ మీ దగ్గరుంచుకోండి.

పిల్లలకి ఆటిజం గురించి, వేరుగా ఉండే తోటిపిల్లల గురించి చెప్పాలన్నప్పుడు రెండూ వాడుకోవచ్చు. సెసమీ స్ట్రీట్‌లో ఆటిజం ఉన్న జూలియా అనే పాత్ర 2015లో ముందుగా ఆన్‌లైన్ కథల పుస్తకంలో వచ్చి, 2017లో బొమ్మగా టీవీకి ఎక్కింది. నేనూ అదే వరుస సూచిస్తాను: ముందు పుస్తకంలో నిదానంగా చూసి, అడగాల్సినవి అడిగాక, తెర మీద.

విదేశాల్లో తెలుగు పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకి నా సలహా వేరు. అక్కడ ఇంగ్లీషు బొమ్మల కార్యక్రమాలకి కరువు లేదు, తెలుగు మాటకే కరువు. మీ టీవీ సమయంలో కొంత వీడియో కాల్‌కి మార్చండి. వేసవిలో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదైతే హైదరాబాద్‌లో పొద్దున్న ఆరున్నర, తాతయ్యా అమ్మమ్మా లేచే ఉంటారు. స్టోరీవీవర్‌లో ఒకే పుస్తకాన్ని రెండు చోట్లా తెరవండి, అమ్మమ్మ చదువుతుంది, మనవరాలు పేజీ తిప్పమన్నప్పుడే తిప్పుతుంది. అమ్మమ్మకి ఒక సాక్సు బొమ్మ పంపి, చేతికి తొడుక్కోమంటే మరీ మంచిది. బొమ్మకి ఇంగ్లీషు రాదని ముందే చెప్పి ఉంచండి, అప్పుడు దానితో తెలుగులోనే మాట్లాడాలి.